ఎస్.ఎస్.డి. విభజన - సమూహ నిల్వలో దాని లాభనష్టములు

పామర్రు చుట్టుప్రక్కల పుట్టి పెరిగినవారికి నీటి పంపకమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది మొదలు, అది 1952లో తెగి, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి నిలిచిన తరువాత కూడ, ఈ డెల్టా బ్రతుకంతయు ఒక్క ప్రశ్నపైననే నడచుచున్నది. పైన నీరున్నది, క్రింద పొలమున్నది. నడుమనున్న తూము ఎంత వెడల్పు? నది పొంగి పొరలుచున్నను తూము ఇరుకైనచో శివారు భూమి ఎండును. నదిలో నీరే లేనిచో తూములెన్ని పెట్టినను అన్నియు ఎండును. ఈ రెండు మాటలను మనస్సున నుంచుకొనిన విద్యార్థికి మేము చెప్పబోవు విషయము సగము తెలిసినట్లే.

విషయమిది. అనేక కంప్యూటర్లను ఒక సమూహముగా కూర్చి, వాటిలోని నిల్వపేటికల నన్నిటిని ఒకే పెద్ద భాండాగారముగా వాడు పద్ధతి నేడు ప్రపంచమంతట వ్యాపించినది. అట్టి సమూహములలో మిక్కిలి వేగముగల ఎస్.ఎస్.డి.ని రెండుగానో నాలుగుగానో విభజించి వాడినచో పని త్వరగా సాగునని అనుభవజ్ఞులు చెప్పుదురు. మొదట వినువారికి ఇది వింతగా తోచును. కుండలోని నీటిని నాలుగు ముంతలలో పోసిన నీరు పెరుగునా? పెరుగదు. మరి వేగము ఎక్కడి నుండి వచ్చును? వచ్చిన వేగమునకు చెల్లింపవలసిన మూల్యమేమి? ఈ రెండవ ప్రశ్నను చాలమంది అడుగరు. మా దృష్టిలో ముఖ్యమైనది అదియే.

పామర్రు, గుడివాడ, ఉయ్యూరు ప్రాంతముల నుండి హైదరాబాదునకును బెంగుళూరునకును పోయి కంప్యూటరు ఉద్యోగములలో చేరు యువకులు, యువతులు ఏటేట పెరుగుచున్నారు. ఇతరుల భూమి దస్తావేజులు, వైద్యశాలల ఎక్స్‌రే చిత్రములు, పరీక్షల మార్కులు ఏదో ఒకనాడు వారి చేతి క్రిందికి వచ్చును. కావున ఈ పాఠము కేవలము కుతూహలము కొరకు కాదు.

సమూహ నిల్వ యనగా నేమి?

ఇట్టి నిల్వకు నేడు విరివిగా వాడబడు ఉచిత సాఫ్ట్‌వేరు పేరు సెఫ్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ శాఖలో సేజ్ వైల్ అను పరిశోధక విద్యార్థి తన డాక్టరేటు పరిశోధనలో భాగముగా దీనిని రూపొందించెను. దీనిని వివరించు పరిశోధన పత్రము 2006లో వెలువడినది. జెనీవా సమీపముననున్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ 2013 నుండి దీనిని వాడుచున్నది. ఒక విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము ఇంతటి భారమును మోయుచున్నదన్న సంగతి మన విద్యార్థులు గమనింపదగినది.

సెఫ్‌లో ఒక్కొక్క నిల్వపేటికను కనిపెట్టుకొని యుండు ప్రోగ్రామును ఓ.ఎస్.డి. యందురు. మన ప్రభుత్వ కార్యాలయములలో ఓ.ఎస్.డి. యనిన ప్రత్యేక విధుల అధికారి. ఆ యర్థము ఇచ్చట పనికిరాదు. అట్లే ముందు రాబోవు పి.జి. యను మాట కూడ స్నాతకోత్తర విద్యకు సంబంధించినది కాదు! ఓ.ఎస్.డి.ని మనము కాలువపై నుండు లస్కరుతో పోల్చుకొనవచ్చును. తూము తలుపు ఎత్తుటయు, దించుటయు, ఎవరికెంత వదలినది చెప్పుటయు వాని పనియే. వానిని తప్పించి ఎవరును తూమును తాకరాదు. లస్కరు అను ఈ మాట కూడ ఉర్దూ ఫారసీల లష్కర్ నుండి వచ్చి మన కాలువగట్టుపై స్థిరపడినదే.

ఒక పెద్ద దస్త్రమును నిల్వ చేయునప్పుడు దానిని సాధారణముగా 4 మెగాబైట్ల తునకలుగా చేయుదురు. ఇది ఎంత యనునది మన భాషలలో చెప్పుకొందము: కంప్యూటరులో తెలుగు వర్ణసంకేత మొక్కటి 3 బైట్లను, ఉర్దూ వర్ణసంకేత మొక్కటి 2 బైట్లను ఆక్రమించును. కావున ఇట్టి సంచికలోని తెలుగు పుటలు, ఉర్దూ పుటలు, అక్షరముల మట్టుకే చూచినచో, కలిసి ఒక్క తునకలో సుఖముగా ఇముడును. చోటు తినునవి ఛాయాచిత్రములే. ప్రతి తునకయు తన పేరునుబట్టి ఏదో ఒక పి.జి. అను వర్గములో చేరును. ఆ వర్గము ఏయే ఓ.ఎస్.డి.లపై నుండవలెనో క్రష్ అను గణన సూత్రము నిర్ణయించును. మామూలుగా ప్రతి తునకకు మూడు ప్రతులు మూడు వేర్వేరు చోట్ల నుండును. ఒక యంత్రము చెడినను మిగిలిన రెండు ప్రతుల నుండి మూడవది మరల తయారగును. సమూహ నిల్వకు ప్రాణమంతయు ఈ ఏర్పాటులోనే యున్నది.

పాత లెక్క తారుమారైన విధము

సెఫ్ పుట్టిన దినములలో నిల్వపేటిక యనిన తిరుగుడు పళ్లెము గల హార్డ్ డిస్కు. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కు సెకండుకు 120 చుట్లు తిరుగును. కావలసిన చోటు చదువుముల్లు క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అనగా సెకండులో వెయ్యవ వంతులు నాలుగు పట్టును. ముల్లు ప్రక్కకు జరుగుటకు అట్టివి మరి ఎనిమిది. వెరసి పన్నెండు. అనగా ఎక్కడెక్కడనో నున్న చిన్న తునకలను అడిగినచో ఆ డిస్కు సెకండుకు ఎనుబది మారులకు మించి బదులు చెప్పజాలదు. అట్టి డిస్కుపై ఒక ఓ.ఎస్.డి.ని కూర్చుండబెట్టినచో దానికి పని చాల తక్కువ. డిస్కు వైపు చూచుచు కాలము గడుపుటయే. ఆ రోజులలో ప్రోగ్రాము కొంచెము నెమ్మదిగా నున్నను ఎవరికిని నష్టము లేదు. అట్టి డిస్కును రెండుగా విభజించి ఇద్దరు లస్కరుల నుంచుట వట్టి తెలివితక్కువ. ఒకడు ఈ కొనకు, మరియొకడు ఆ కొనకు పిలుచుచుండగా ముల్లు అటునిటు పరుగిడి అలసిపోవుటయే ఫలము. సెఫ్ సూచనలలోను తిరుగుడు డిస్కుకు ఈ పని తగదనియే చెప్పబడినది.

ఎస్.ఎస్.డి. రాకతో ఈ లెక్క తలక్రిందులైనది. దానిలో తిరుగునది లేదు, జరుగునది లేదు. ఫ్లాష్ చిప్పులు అనేకము ప్రక్కప్రక్కన నుండి ఒకేసారి పనిచేయును. 2011లో ఎన్.వి.ఎమ్.ఇ. అను ఒడంబడిక వచ్చినది. దానికి ముందున్న ఎ.హెచ్.సి.ఐ. పద్ధతిలో కంప్యూటరు ఒకే వరుసలో 32 ఆజ్ఞలను మాత్రమే నిలుపగలదు. క్రొత్త పద్ధతిలో సుమారు 65 వేల వరుసలు, ఒక్కొక్క వరుసలో సుమారు 65 వేల ఆజ్ఞలు వీలగును. నేటి పెద్ద ఎన్.వి.ఎమ్.ఇ. పేటిక చదువు విన్నపమునకు సెకండులో పదివేలవ వంతు కాలములోనే బదులు చెప్పును. లక్షల విన్నపములను సెకండుకు తీర్చును. ఇప్పుడు ఎదురుచూచునది డిస్కు. ఆలస్యము చేయునది ప్రోగ్రాము. నది నిండుగా నున్నది, తూము ఇరుకైనది.

తూములో ఇరుకు సరిగా ఎక్కడ నున్నది? ఎస్.ఎస్.డి.పై నున్న ఓ.ఎస్.డి.లో మామూలు అమరికప్రకారము 8 పాళ్లు, పాలునకు ఇద్దరు చొప్పున 16 మంది పనివారు, అనగా థ్రెడ్లు కలవు. ప్రతి పి.జి.యు ఈ ఎనిమిదింటిలో ఒక దానికి చెందును, ఒకే పి.జి.కి వచ్చిన వ్రాతలు వచ్చిన వరుసలోనే జరుగవలెను గనుక అచ్చట తొందరపడుటకు వీలులేదు. ఇంతవరకు చిక్కు కొంచెమే. 2017 నాటి లూమినస్ విడుదల నుండి సెఫ్ తన తునకలను బ్లూస్టోర్ అను పద్ధతిలో నేరుగా పేటికపై వ్రాయుచున్నది. ఏ తునక ఎక్కడ నున్నదో తెలుపు చిట్టా రాక్స్‌డి.బి. అను దత్తాంశ పట్టికలో నుండును. ఆ చిట్టాలో వ్రాతలను ఖరారు చేయు పని ఒకే ఒక్క థ్రెడ్ చేతిలో నున్నది. పదునార్గురు పనివారు ఎంత చురుకైనవారైనను చివరకు చిట్టా వ్రాయు గుమాస్తా ఒక్కడే. చిన్న చిన్న వ్రాతలు వెల్లువగా వచ్చినప్పుడు అందరును వాని బల్లముందు నిలువవలసినదే. పేటిక మాత్రము సగము ఖాళీగా కూర్చుండి యుండును.

పేటికను రెండుగా విభజించినచో రెండు ఓ.ఎస్.డి.లు, రెండు చిట్టాలు, ఇద్దరు గుమాస్తాలు ఏర్పడుదురు. పేటికకు ఈ సంగతి పట్టదు. దాని వరుసలలో మరి కొన్ని నిండును, అంతే. ఇదియే వేగము యొక్క రహస్యము. నీరు పెరుగలేదు, ద్వారము పెరిగినది. ఇంటి కంప్యూటరులోని డిస్కును సి యనియు డి యనియు విభజించుటకును దీనికిని గల తేడా కూడ ఇదియే. అచ్చట చోటును మాత్రమే పంచుదుము; ఇచ్చట చోటుతోపాటు పనివారిని రెట్టింపు చేయుదుము. చేయు విధానము తేలిక: సెఫ్-వాల్యూమ్ అను పనిముట్టుకు ఒక్కొక్క పేటికకు ఎన్ని ఓ.ఎస్.డి.లు కావలెనో సంఖ్య చెప్పినచో అదియే పేటికను పాళ్లు చేసి ఓ.ఎస్.డి.లను నిలుపును. ఈ తేలికయే తరువాతి తిప్పలకు మూలము.

లాభము లేని చోట్లు

అనేకులు ఒకేసారి చిన్న చిన్న పనులను అడుగునప్పుడే విభజన ఫలించును. ఒకే వ్యక్తి ఒక వ్రాత పూర్తియైన తరువాత మరియొకటి వ్రాయుచున్నచో, తూములు నాలుగైనను అతని నీరు ఒక తూము నుండియే రావలెను. అతనికి దక్కునది శూన్యము. ఒక దత్తాంశ పట్టిక నెమ్మదిగా నున్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు పరీక్షింపక పేటికలను కోయుట మంచి వైద్యము కాదు.

నెట్‌వర్కు మాట చూడుడు. నేటి ఎన్.వి.ఎమ్.ఇ. పేటిక సెకండుకు 7 గిగాబైట్లు చదువగలది యనుకొందము. 10 గిగాబిట్ల తీగ సెకండుకు మోయగలది ఒకటిన్నర గిగాబైటు కూడ కాదు, ఒకటింబాతిక మాత్రమే. అనగా ఒక్క పేటిక అట్టి తీగలను అయిదింటిని నింపివేయును. మూడు ప్రతుల వ్రాతలో మొదటి ఓ.ఎస్.డి. తనకు వచ్చిన తునకను మరి రెండు చోట్లకు పంపవలెను గనుక ఆ భారము ఇంకను హెచ్చును. పిల్లకాలువ ఇంత ఇరుకుగా నుండగా తలతూమును పెంచిన ఫలమేమి? పెద్ద పెద్ద దస్త్రములను ధారగా చదువు సమూహములలో విభజన వలన ఒరుగునది చాల తక్కువ.

కరెంటు పోవుట మనకు క్రొత్త గాదు. మంచి రకపు ఎస్.ఎస్.డి.లలో కరెంటు పోయిన క్షణమున చేతిలోని వ్రాతను ముగించుటకు సరిపడు విద్యుత్తును దాచుకొను కెపాసిటర్లు కలవు. అందుచేత అవి వ్రాత అందిన వెంటనే భద్రముగా నున్నదని చెప్పగలవు. ఇంటి కంప్యూటర్లకు అమ్ము చవక రకములలో ఇది సాధారణముగా ఉండదు. ప్రతి వ్రాతను ఫ్లాష్‌లో నిజముగా దించిన తరువాతనే అవి బదులు చెప్పవలెను. సెఫ్ ప్రతి వ్రాతకును ఈ హామీనే కోరును. కాబట్టి పెట్టెపై అచ్చువేసిన వేగమును చూచి చవక పేటికను కొని, అది నెమ్మదించగా నాలుగు పాళ్లు చేసినచో, నెమ్మదితనము నాలుగు పాళ్లగును గాని తగ్గదు. అచ్చట ఎండినది నదియే.

ఖర్చు సంగతి త్వరగా చెప్పెదము. ఒక్కొక్క ఓ.ఎస్.డి. మామూలుగా 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తిని లక్ష్యముగా పెట్టుకొనును. పది పేటికలున్న యంత్రమునకు విభజన లేనప్పుడు 40, రెండు పాళ్లు చేసిన 80, నాలుగు పాళ్లు చేసిన 160 గిగాబైట్లు కావలెను. ప్రాసెసరుపై భారమును అట్లే పెరుగును. లస్కరులను వేసినంత మాత్రమున చాలదు, వారికి జీతములీయవలెను గదా.

సెఫ్ రూపకర్తలు ఈ ప్రశ్నను 2023లో రీఫ్ అను విడుదలపై స్వయముగా పరీక్షించిరి. పేటికకు ప్రాసెసరు థ్రెడ్లు సమృద్ధిగా ఉన్నచో రెండు ఓ.ఎస్.డి.ల వలన చిన్న పనుల సంఖ్య పెరిగినది. అంతకంటె ముఖ్యముగా, వరుసలో చిట్టచివర చిక్కుకొను కొలది విన్నపముల నిరీక్షణ తగ్గినది. ప్రాసెసరు, జ్ఞాపకశక్తి కొరతగా ఉన్నచోట ఒక్కటియే మేలు. సెఫ్ లోపలి భాగములు సంవత్సరము వెంబడి సంవత్సరము మెరుగుపడుట వలన వెనుకటి సూచనలలోని నాలుగు పాళ్ల అవసరము చాలవరకు తగ్గినదని మా అభిప్రాయము.

2024 ఆరంభమున ప్రకటింపబడిన మరియొక వృత్తాంతము మాకు ఇంకను నచ్చినది. 63 యంత్రములు, యంత్రమునకు 10 పేటికలు, వెరసి 630 ఓ.ఎస్.డి.లు గల ఒక సమూహము మొదట ఆశించిన వేగమును ఇయ్యలేదు. పేటికలను కోయలేదు. ఒక్కొక్క ద్వారమును వెదకిరి. ప్రాసెసరు విద్యుత్తును పొదుపు చేయుటకై నిద్రలోనికి జారుకొను అమరిక ఒకటి అడ్డుగా నుండెను. జ్ఞాపకశక్తిని కాపలా కాయు ఐ.ఓ.ఎమ్.ఎమ్.యు. అను భాగమువద్ద త్రొక్కిసలాట జరుగుచుండెను. రాక్స్‌డి.బి. ప్రోగ్రామును తయారు చేసినప్పుడు వేగము కొరకు వాడవలసిన సూచనలు వాడబడలేదు. ఈ మూడింటిని సరిదిద్దగా ఆ సమూహము సెకండుకు ఒక టెబిబైటును మించి చదువగలిగినది. ఆ 630 పేటికలలో ఒక్కటియు విభజింపబడినది కాదు.

ప్రమాదమెచ్చట?

ఇప్పుడు మేము ముందు చెప్పిన మూల్యమునకు వచ్చెదము. రెండు పాళ్లకు రెండు పేర్లున్నను పేటిక ఒక్కటియే. అది చచ్చిన దినమున దానిపైని ఓ.ఎస్.డి.లన్నియు ఒకేసారి చచ్చును. క్రష్ సూత్రమునకు ఈ సంగతి తెలిసియున్నదా లేదా యనునదే ప్రాణమున్నదా లేదా యను ప్రశ్న.

మామూలు అమరికలో క్రష్ మూడు ప్రతులను మూడు వేర్వేరు యంత్రములపై నుంచును. అప్పుడు ఒక పేటిక నాలుగు పాళ్లయినను భయము లేదు. అదంతయు ఒకే యంత్రములోనిది గనుక ఒక తునకకు ఒక్క ప్రతి మాత్రమే అందుండును. కాని పాఠము నేర్చుకొను విద్యార్థికి మూడు యంత్రములెక్కడివి? అతనికి ఉన్నది ఒకటి. ఒక్క యంత్రముపై మామూలు సూత్రమునకు మూడు చోట్లు దొరకవు గనుక సమూహము ఎడతెగక హెచ్చరించుచుండును. అప్పుడతడు పుస్తకమున చూచి, ప్రతులు వేర్వేరు యంత్రములపై కాక వేర్వేరు ఓ.ఎస్.డి.లపై నున్న చాలునని సూత్రమును మార్చును. హెచ్చరిక మాయమగును. అంతా పచ్చగా కనిపించును. పేటికలు విభజింపబడనంత వరకు ఇది కొంత క్షేమమే, ఏలనన ఒక ఓ.ఎస్.డి. యనిన ఒక పేటిక. తరువాత వేగము కొరకు విభజన వచ్చినప్పుడు ఈ సూత్రము సంగతి ఎవరికిని గుర్తుండదు.

లెక్క వేసి చూతము. ఒక యంత్రములో 6 పేటికలు, ఒక్కొక్కటి 4 పాళ్లు, వెరసి 24 ఓ.ఎస్.డి.లు, 1024 పి.జి.లు, మూడేసి ప్రతులు అనుకొందము. మొదటి ప్రతి ఏదో ఒక ఓ.ఎస్.డి.పై పడును. మిగిలిన 23లో అదే పేటికకు చెందినవి 3. రెండవ ప్రతి వాటిలో ఒక దానిపై పడుటకు 23లో 3 వంతుల అవకాశము. మూడవదియు అచ్చటనే పడుటకు 22లో 2 వంతులు. ఈ రెండింటిని గుణించినచో 506లో 6, అనగా సుమారు 84లో ఒకటి. 1024 పి.జి.లలో సుమారు పండ్రెండింటికి మూడు ప్రతులును ఒకే పేటికపై నుండును! ఆరు పేటికలకు పంచినచో పేటికకు రెండు. ఏ పేటిక చెడినను సుమారు రెండు పి.జి.లు మూడు ప్రతులతో సహా నశించునన్నమాట.

1024లో రెండే గదా యని ఊరడిల్లవలదు. 100 గిగాబైట్ల ఒక నిల్వను తీసికొనుడు. దానిలో 4 మెగాబైట్ల తునకలు 25,600. అవి 1024 పి.జి.లలోను చల్లబడి, ఒక్కొక్క పి.జి.లో సుమారు 25 ఉండును. రెండు పి.జి.లు పోయినచో ఆ నిల్వలో 50 తునకలు పోవును. ఆ సమూహముపై నున్న పెద్ద నిల్వలలో ప్రతిదానికిని ఇదే గతి. ఒక పుస్తకము పోయి మిగిలిన పుస్తకములు దక్కుట కాదు. గ్రంథాలయములోని ప్రతి లావుపాటి పుస్తకమునుండి కొన్ని పుటలు చినిగిపోవుట. మార్కుల పట్టికలో ఎవరి వరుస పోయినదో, దస్తావేజులలో ఎవరి పొలపు హద్దు పోయినదో వెదకుటయే ఒక యజ్ఞము.

ఇది గాక, సరిగా రెండు ప్రతులు ఒకే పేటికపై పడినవి 506లో 180, అనగా సుమారు 364 పి.జి.లు. ఏ పేటిక పోయినను వాటిలో సుమారు అరువది ఒక్క ప్రతితో మిగులును. రెండు ప్రతులైన లేనిదే వ్రాత సాగరాదని మామూలు నియమము గనుక, రెండవ ప్రతి తయారగువరకు అచ్చట పని ఆగును. ఒక్క పేటిక చెడినచో సమూహము ఆగరాదని కదా ఇంత ఏర్పాటు చేసినది! అదే ఆరు పేటికలను విభజింపక వాడియున్నచో మూడు ప్రతులును తప్పక మూడు పేటికలపై నుండెడివి. ఒకటి పోయిన ఏమియు పోయెడిది కాదు.

మందు కష్టమైనది కాదు. యంత్రములు మూడు గాని అంతకు మించి గాని ఉన్నచో ప్రతులు యంత్రమునకు ఒకటి చొప్పున నుండు సూత్రమును తిరిగి పెట్టవలెను. ఒక్క యంత్రముతోనే సాగవలసి వచ్చినచో, క్రష్ పటములో యంత్రమునకును ఓ.ఎస్.డి.కిని నడుమ పేటిక యను ఒక మెట్టును కల్పించి, ప్రతులు పేటికకు ఒకటి చొప్పున పోవునట్లు వ్రాయవలెను. ఇది విభజనకు ముందు చేయవలసిన పని.

మరియొక చిన్న చిక్కు కలదు. ఏ ఓ.ఎస్.డి. యైనను 85 శాతము నిండినచో సెఫ్ హెచ్చరించును. 95 శాతము నిండినచో వ్రాతలను ఆపివేయును. పాళ్లు చిన్నవగుకొలది వాటిలో ఏదో ఒకటి ముందుగా నిండుటకు ఎక్కువ వీలు. ప్రక్క పాలిలో చోటున్నను దీనికి పనికిరాదు. ఎక్కువ తక్కువలను సర్దు బాలెన్సర్ కలదు గాని దానిపైననే భారము వేసి నిద్రపోవుట మంచిది కాదు.

విభజనలో రెండవ రకము

ఎన్.వి.ఎమ్.ఇ. పేటికను మరియొక విధముగాను విభజింతురు. ధర మూలమున దత్తాంశమంతటికి ఎస్.ఎస్.డి.లు కొనలేని సంస్థలు హార్డ్ డిస్కులనే వాడుచు, ఒక్క ఎన్.వి.ఎమ్.ఇ.ని అయిదారు పాళ్లు చేసి, ఒక్కొక్క డిస్కు యొక్క చిట్టాను ఒక్కొక్క పాలులో నుంచును. గ్రంథాలయములో పుస్తకముల నన్నిటిని లోపలి బీరువాలలో నుంచి, సూచిక కార్డుల పెట్టెను మాత్రము గ్రంథపాలకుని బల్లపై నుంచినట్లు. వెదకుట త్వరగా ముగియును. ముల్లు పరుగులు తగ్గును. మా ప్రాంతపు కళాశాలల స్థోమతకు ఇదియే దగ్గరి మార్గము. చిట్టాకు డిస్కు పరిమాణములో నూటికి ఒకటి నుండి నాలుగు వంతులు కావలెనని సెఫ్ సూచన. 16 టెరాబైట్ల డిస్కులు అయిదింటికి నూటికి రెండు చొప్పున వేసికొనిన, పాలునకు 320, వెరసి 1600 గిగాబైట్లు. కాని సూచిక పెట్టె కాలిపోయినచో పుస్తకములు బీరువాలలో నున్నను లేనట్లే. ఆ ఒక్క ఎన్.వి.ఎమ్.ఇ. చెడినచో చెక్కుచెదరని అయిదు డిస్కులు, 80 టెరాబైట్లు, ఒక్కసారిగా సమూహమునకు దూరమగును. వాటిని ఇతర యంత్రములలోని ప్రతుల నుండి మరల నింపుకొనవలసినదే.

ఒక్క ఓ.ఎస్.డి.యే పేటిక వేగమునంతయు అందుకొనునట్లు దానిని మొదటినుండి తిరిగి వ్రాయు ప్రయత్నము క్రిమ్సన్ అను పేరుతో సాగుచున్నది. 2024 నాటి స్క్విడ్ విడుదలలో అది పరిశీలన నిమిత్తము తొలిసారిగా ఇయ్యబడినది. అది స్థిరపడినచో లస్కరులను రెట్టింపు చేయు అవసరమే ఉండకపోవచ్చును.

అంతవరకు విభజింపదలచినవారు మొదట కొలిచి చూడవలెను. పేటిక ఎంతసేపు పనిలో నున్నది, ప్రాసెసరులో ఖాళీ ఎంత, తీగ ఎంత నిండినది, ఈ మూడును పని ముమ్మరముగా సాగు వేళ చూడవలెను. రాత్రి రెండు గంటలకు కాదు. పేటిక ఖాళీగాను, ప్రాసెసరు కొంత తీరికగాను, తీగ వెడల్పుగాను ఉండి విన్నపములు మాత్రము బారులు తీరియున్నచో రెండు పాళ్లతో ఆరంభింపవచ్చును. పాళ్లను తిరిగి కలుపుట మాత్రము ఒక్క ఆజ్ఞతో జరుగునది కాదు. పేటికపైని ఓ.ఎస్.డి.లనన్నిటిని ఖాళీ చేసి, వాటిలోని తునకలు ఇతర చోట్లకు తరలిన తరువాత వాటిని రద్దుచేసి, పేటికను తుడిచి, ఒకటిగా నిలిపి, తునకలను మరల రప్పింపవలెను. ఒక యంత్రము ముగిసిన తరువాతనే మరియొకటి. ఆ దినములన్నియు సమూహము తన మామూలు పనితోపాటు ఈ రాకపోకల భారమును కూడ మోయవలసియుండును గనుక, పరీక్ష ఫలితములు వెలువడు వారములో దానికి పూనుకొనరాదు.